కళ్ల చప్పుడు దాచిన హేతువాది

పూనకం బూటకమని చెప్పడానికి వెళ్లిన మనిషి, ఆ మాట చెబుతూనే జాతరలో ఊగిపోతే ఎలా ఉంటుందో చూడాలనుందా? తోటపల్లి గూడూరు వైపు ఏ పల్లెలోనైనా నా సంగతి అడగండి. అభినయించి మరీ చూపిస్తారు.

అంతకు కొన్నాళ్ల ముందు నాకొక వింత జబ్బు పట్టుకుంది. కళ్లు పక్కకు తిప్పితే కుడి చెవిలో తుప్పు పట్టిన తలుపు కిర్రుమన్నట్టు చప్పుడు. నా మాట నాకే బిందెలో తల పెట్టి అరిచినట్టు వినిపించేది. నా భార్య సుశీలకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? ఎవరికీ వినపడనివి తమకు వినపడుతున్నాయన్న వాళ్లను సభల్లో వెక్కిరించి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. డాక్టరుకు కూడా కళ్లు తిరుగుతున్నాయని మాత్రమే చెప్పాను. ఆయన మాత్రలిచ్చి పంపేశాడు.

ఆ మాత్రలు మింగి జాతరకు వెళ్లాను. "పూనకమంటే నటన" అని మైకులో అన్నానో లేదో, వెనక డప్పులు మోగాయి. నేల గిర్రున తిరిగింది. మైకును కావిలించుకుని ఊగి ఊగి పడ్డాను. ఒక పెద్దావిడ నా నెత్తిన పసుపునీళ్లు కుమ్మరించింది.

"ఏం కావాల తల్లీ? ఇంకెవరూ దొరకనట్టు ఈయన మీదికే వచ్చినావే."

"తల్లీ లేదు, ఏమీ లేదు. ఇది జబ్బు," అన్నాను.

"జబ్బయితే డప్పు కొట్టినప్పుడే వస్తాదా?"

ఆ ప్రశ్నను పసుపునీళ్లతో పాటు ఇంటికి మోసుకొచ్చాను.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు సుశీల వెంట వచ్చింది. డప్పుల సంగతి విని ఆయన, కళ్లు తిప్పితే చప్పుడేమైనా వినపడుతుందా అని అడిగాడు. అలాంటిదేమీ లేదన్నాను.

"అబద్ధం సార్," అంది సుశీల. "కళ్లు కదిలితే వినపడతా ఉందని పేపరు చదవడం గూడా మానేసినాడు. మీరు నవ్వుతారని దాచిపెడతా ఉండాడు."

ఆయన నవ్వలేదు. వెంటనే స్కాన్ తీయించాడు. లోపలి చెవిలో మనల్ని తూలకుండా నిలిపే గొట్టం ఒకటుందట. దాని మీది ఎముకకు చిల్లు పడిందట. పెద్ద శబ్దం ఆ గొట్టాన్ని కదిలిస్తే లోకం తిరుగుతుందట.

"మొదటిసారే చెప్పుంటే అప్పుడే తెలిసేది. ఎందుకు దాచారు?"

 నా బదులు సుశీల చెప్పింది. "హేతువాది గదా సార్. రుజువు తన చెవిలో ఉన్నా బయటపెట్టడు."

చెన్నైలో ఆపరేషన్ చేసి ఆ చిల్లు పూడ్చారు. ఇప్పుడు కళ్లు తిప్పితే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, నేను వెక్కిరించిన వాళ్లు ఒక్కొక్కరే గుర్తొస్తారు. వాళ్లలో ఒక్కరినైనా డాక్టరుకు చూపించుకోమనలేదు.

కనుక, పూర్తి స్పృహలో, ఎవరూ పూనకుండా ప్రమాణం చేస్తున్నాను: పరువు కోసం ఇకపై ఏ రుజువునూ దాచను. దాస్తానేమోనన్న అనుమానం నాకే ఉంది గనుక, సుశీల పక్కన లేకుండా ఏ డాక్టరు ముందూ కూర్చోను.