రెండు డబ్బాల్లోనూ ఒకటే రొద

కమలాకుమారివి పాముచెవులని పటాన్‌చెరులో ఆ గల్లీ అంతా అనేది. వంటింట్లో కుక్కరు కూతలు లెక్కపెడుతూనే, నల్లా దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడేది విని, "నా గురించేనా ముత్యమ్మక్కా?" అని కిటికీలోంచి అడిగేది. నవ్వుకునేవాళ్ళు గానీ, ఆ చెవులే ఆ ఇంటికి అన్నం పెడుతున్నాయని అందరికీ తెలుసు.

సంగారెడ్డిలో డిగ్రీ చదివి, టైపు హయ్యరు పాసై, మొదట ఒక మేకుల ఫ్యాక్టరీ ఆఫీసులో చేరింది. ఏడేళ్ళు చేసింది. ఆమె బల్లకు గోడ అవతలే ప్రెస్సులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దడదడ. లోపల పనిచేసేవాళ్ళయినా చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు. దూది పెట్టుకుంటే సారు పిలిచింది వినపడదని ఈమె అదీ పెట్టుకోలేదు. ఇలాంటి బుద్ధిమంతులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏడేళ్ళ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, సారు గుజరాత్ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత దొరికింది చెవులతో చేసే పని. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి, రోగం, మందు, మోతాదు అన్నీ నోటితో చెప్పి రికార్డు చేస్తారు. అది ఇంటర్నెట్టులో ఇక్కడికి వస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, అక్షరం పొల్లుపోకుండా టైపు కొట్టి పంపాలి. హైదరాబాదు కంపెనీలో నేర్చుకుని, 2003 నుంచి ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుంది. భర్త పోచయ్య బాయిలర్ ఆపరేటరు. అతని కంపెనీకి తాళం పడ్డాక ఆమె సంపాదనే సంపాదన.

2007 ఎండాకాలంలో రొద మొదలైంది. హెడ్‌ఫోన్ పెట్టుకోగానే సన్నగా గుయ్‌మని ఒక మోత. డాక్టరు మాట దాని కింద నలిగిపోయేది. హెడ్‌ఫోన్ మార్చింది. పోలేదు. ఎర్తింగ్ సరిగా లేదేమోనని పోచయ్య ఇంటి వెనక గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు పోసి, రోజూ బిందెడు నీళ్ళు పోశాడు. తులసికోటకు కూడా అతడు అంత భక్తిగా పోసి ఉండడు. అయినా పోలేదు. ఈలోపు పదిహేను మిల్లీగ్రాములను యాభై అని కొట్టింది. మరో వారం, నొప్పి లేదన్నచోట నొప్పి ఉందని కొట్టింది. కంపెనీ వాళ్ళు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. సూపర్‌వైజరు ఫోను చేసి, "ఎన్నాళ్ళని సిస్టమ్ మీద పెడతారు మేడం?" అంది. ఆడలేక మద్దెల ఓడు అనలేదు గానీ, గొంతులో ఆ మాటే ఉంది. నెలాఖరుకల్లా బాగుపడకపోతే ఇక ఫైళ్ళు రావు.

కమలాకుమారి ఇంటర్నెట్టులో వెతికింది. కంప్యూటరు లోపలి కరెంటు గోల హెడ్‌ఫోన్‌లోకి దూరుతుందట. శబ్దం తయారయ్యే పనిని బయట చిన్న డబ్బాకు అప్పగించి, దాన్ని యూఎస్‌బీ తీగతో కలిపితే మోత పోతుందట. ఇక ఏ డబ్బా కొనాలన్నదాని మీద పాటల పిచ్చోళ్ళు వందల పేజీలు కొట్టుకు చచ్చారు. ఒకడు ఖరీదైనదే కొనమంటాడు, ఇంకొకడు తేడా చెప్పగలిగితే చెవి కోసుకుంటానంటాడు. వారం చదివి, మతిపోయి, తనకు పాటలెందుకు, మాట తెలిస్తే చాలనుకుంది.

సంగారెడ్డిలో అబ్దుల్ గనీ దుకాణం ఉంది. టేపురికార్డర్ల కాలం నుంచి ఉన్న మనిషి. ఆమె కోసం సికింద్రాబాదు నుంచి రెండు డబ్బాలు తెప్పించాడు.

"కూసో బేటా. ఇది అగ్గువ, ఇది జెర పిరం. రెండూ ఇను. నచ్చింది తీస్కో, ఇంకోటి వాపస్ చేస్త."

చౌకది ప్లాస్టిక్‌ది, అగ్గిపెట్టె అంత. రెండోది ఇనుప డబ్బా, ముందు తిప్పుకునే గుండీ. ఆమె మొదటిది విన్నది.

"దీంట్ల గూడ ఉన్నది చాచా."

రెండోది విన్నది. "గిండ్ల గూడ గదే."

గనీ హెడ్‌ఫోన్ తీసుకుని తన చెవులకు పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. మళ్ళీ ఆమెకు పెట్టాడు.

"కండ్లు మూస్కో బేటా. రొద ఆగంగనే చెయ్యి ఎత్తు."

ఆమె కళ్ళు మూసుకుని, పరీక్ష రాసే పిల్లలా శ్రద్ధగా కూర్చుంది. బయట లారీ ఒకటి పోయింది. చెయ్యి లేవలేదు. కాసేపటికి గనీ భుజం తట్టాడు. కళ్ళు తెరిస్తే, హెడ్‌ఫోన్ తీగ కొస అతని చేతిలో ఉంది. డబ్బా నుంచి ఎప్పుడో పీకేశాడు.

"ఇది మిషన్‌ల లేదు బేటా," అన్నాడు. ఆమెకు అందలేదేమోనని రెండోసారి కూడా అన్నాడు.

ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది, టీవీ మోగుతుంది, హైవే మీద లారీలు ఆగవు. అందువల్ల చెవులు మూసుకున్నప్పుడే ఆ మోత బయటపడేది. ఆమె ఆ నింద హెడ్‌ఫోన్ మీద వేసింది. చెవుల డాక్టర్ల ఫైళ్ళు ఆమె నాలుగేళ్ళుగా కొడుతోంది. చెవిలోనే పుట్టే మోతకు వాళ్ళు వాడే టినిటస్ అన్న మాట స్పెల్లింగు నిద్రలో అడిగినా చెబుతుంది. దాని తర్వాత డాక్టర్లు చెప్పే వాక్యం కూడా వచ్చు: ఇది పోదు, అలవాటు చేసుకోమన్నాను. ఎవరెవరి కోసమో ఆ వాక్యం ఎన్నిసార్లు కొట్టిందో. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. పోచయ్య తవ్విన గుంత గుర్తొచ్చి మరీ సిగ్గేసింది.

"పైసలు దవాఖానాకు ఉంచుకో. నేను రెండూ వాపస్ పంపుత," అన్నాడు గనీ.

"అగ్గువది ఇయ్యి చాచా."

"ఏం చేస్తవ్ దాంతోని?"

"ఇంట్ల అడుగుతరు. ఏం చెప్పాలె?"

గనీ డబ్బాను కాగితంలో చుట్టి ఇచ్చాడు.

ఇంటికి రాగానే పోచయ్య కాగితం విప్పి, తీగలు తనే తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఆమె ఒక ఫైలు పెట్టింది. అతనికి ఇంగ్లీషు రాదు. అయినా ఎక్కడి డాక్టరో దగ్గడం, కాగితం తిప్పడం, కుర్చీ కిర్రుమనడం అన్నీ వినపడ్డాయి. మొహం వెలిగిపోయింది. హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు.

"ఏం రొద లేదు కమలా, మంచిగ సాఫ్ ఉన్నది. ఇగ నీ నౌకరికి ఢోకా లేదు పో!"

"అవును, పోయింది," అంది ఆమె.

పోచయ్య ఉలిక్కిపడి, నవ్వుతూ చూశాడు.

"పక్కనే ఉన్న గద, గంత గట్టిగ ఒర్రుతవేందే?"