తాతకి వర్తించని ప్లాను

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన మా బోటివాళ్లకి దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో చెప్పలేను గానీ, ఏది పాడైనా ఉక్కు కంపెనీ మనిషి వచ్చి బాగుచేస్తాడన్న నమ్మకం మాత్రం పుష్కలంగా ఉండేది. క్వార్టర్లో కుళాయి కారితే వచ్చేవాడు. ఫ్యూజు పోతే వచ్చేవాడు. గోడ పెచ్చులూడితే సున్నం బకెట్టుతో వచ్చేవాడు. ఒంట్లో బాగోకపోతే మనమే కంపెనీ ఆస్పత్రికి వెళ్లేవాళ్లం, అంతే తేడా. (శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టాలు "మీకు తుమ్మొచ్చినా కంపినీకే సెప్పుకుంటారేటి?" అని వేళాకోళం చేస్తే, మా తాత నవ్వకుండా "సెప్పుకుంటాం" అనేవాడు.) అలాంటి ఊళ్లో, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ గట్టెక్కిన నేను జుగ్సలాయిలో ఒక ఫర్నిచర్ షాపులో సేల్స్‌మన్‌గా చేరాను. మా షాపులో సోఫాతో పాటు 'ప్రొటెక్షన్ ప్లాను' అని ఒకటి అంటగట్టేవాళ్లం. "అయిదేళ్లు నిశ్చింతగా ఉండండి, ఏమైనా అయితే మనిషి వస్తాడు" అంటే చాలు, ఎదుటివాళ్ల మొహాలు విప్పారేవి. ఏమైతే వస్తాడు, ఏమైతే రాడు అని ఒక్కరూ అడిగేవారు కాదు. నేను కూడా ఎవర్నీ అడగలేదు. మెడలో ఎర్ర టై ఉన్నవాడికి అలాంటి సందేహాలు రావు.

నా మాట నమ్మిన వాళ్లలో మొట్టమొదటివాడు మా నాన్న. తాత కోసం కొన్నాడు. తాత పనిచేసినంత కాలం బొగ్గుని కాల్చి కోక్ చేసే ఓవెన్ల దగ్గర చేశాడు. రిటైరయ్యాక ఆ పొగంతా తీరిగ్గా లోపల్నుంచి పలకరించడం మొదలుపెట్టింది. పడుకుంటే దగ్గు, దగ్గితే ఆయాసం. నవారు మంచం మీద వెల్లకిలా పడుకోబెడితే నీళ్లలోంచి తీసిన చేపలా కొట్టుకునేవాడు. వీపుకి ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. అందుకని నేను షాపులోకెల్లా మెత్తని, పొడుగు వీపున్న ముదురెరుపు సోఫా ఎంచి, ప్లానుతో సహా ఠేలా బండి మీద కద్మాలోని మా క్వార్టర్‌కి తోలించాను. తాత కుడివైపు మూల కూర్చుని, తల వెనక్కి వాల్చి, చాలా నెలల తర్వాత దగ్గు లేకుండా ఊపిరి తీశాడు. "ఒరే, మనవడు ఉజ్జోగం సేత్తన్నాడంటే ఏటో అనుకున్నాను" అన్నాడు. ఆ మాటకి నేను వారం రోజులు నేల మీద నడవలేదు. ఆ మూలలోంచి తాత కూడా ఇంక లేవలేదు. తిండి అక్కడే, నిద్ర అక్కడే.

తర్వాత ఆస్పత్రి వాళ్లు తాతని చూసి, నాన్నని పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్లమన్నారు. అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలిసింది. అందరికంటే ముందు నానమ్మకి తెలిసింది. ఆవిడ ఏడవలేదు. సోఫా ముందు నిలబడి నడుం మీద చెయ్యేసుకుని, "ఇదిగో, ముందే సెప్తన్నాను. ఆకరి గడియకి నేల మీదికి దింపాల. దీని మీద పేణం పోతే దీన్ని నెత్తినెట్టుకునే పైకి పోవాలంట. పైగా సోఫాని ఈదిలో పారెయ్యాల" అంది.

"నేల మీద ఎల్లకిలా ఎడితే నాకు ఊపిరాడదే. పోకముందే సంపేత్తావేటి?" అన్నాడు తాత.

"నాను సంపడవేటి? మన పెద్దోళ్లందరూ నేల మీదే పోనారు."

"ఆళ్లెవరూ ఓవెన్ల కాడ పన్జెయ్యనేదు."

నానమ్మ పట్టు వదల్లేదు. చాప ఒకటి ఉతికి, ఆరబెట్టి, చుట్టి, తాతకి ఎదురుగా గోడకి ఆనించింది. పొద్దస్తమానం ఆయన ఆ చాప వంక, ఆ చాప ఆయన వంక. ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడుకునేవాళ్లం. నాకు అన్నం సయించేది కాదు. ఊపిరి కోసం నేను తెచ్చిన సోఫా నుంచే ఆయన్ని లాగి కింద పడేస్తారన్న ఆలోచన వస్తే లేచి వరండాలోకి వెళ్లిపోయేవాణ్ని.

ఒకరోజు తాతే ఉపాయం కనిపెట్టాడు. "ఒరే, ప్లానుంది కదరా! ఆళ్లకి ఫోన్ సెయ్యి. నాను పోయాక కొత్త సోఫా ఇచ్చీమను. పాతది పారేసుకోనీ, నాను ఇక్కడే పోతాను." అది మన కంపెనీ కాదు తాతా, వేరే ఎవరో అని చెప్పాను. "కంపినీ అన్నాక కంపినీయే" అని కొట్టిపారేశాడు. నేను (టై ఉన్నవాణ్ని కదా) నిజంగానే ఫోన్ చేశాను. తాత పోబోతున్నాడని కాక, సోఫా వీపు మీద నూనె మరక, సీటులో గుంత అని చెప్పాను. తాత తలకి కొబ్బరినూనె పట్టించందే నానమ్మ నిద్రపోయేది కాదు. ఆ నూనె తల ఆనేచోట అరచెయ్యంత మరకై కూర్చుంది.

ప్లాను కంపెనీ తరఫున కోల్‌కతా నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. చేతిలో టార్చిలైటు, సంచీలో తెల్లగుడ్డ. గుమ్మంలోనే తాతని చూసి చెప్పులు విప్పేశాడు. జబ్బుమనిషిని లెమ్మనడానికి మనసొప్పక, ఆయన చుట్టూ వంగి, ఆయన తల పక్కన లైటు వేసి, "మాఫ్ కీజియే బాబా" అని క్షమాపణ అడుగుతూ మరకని తుడిచి చూశాడు. తర్వాత హిందీలో, పాఠం అప్పజెప్పినట్టు మొదలెట్టాడు. చాయ్ ఒలికితే వస్తాం. పొరపాటున చాకు తగిలి చిరిగితే వస్తాం. రోజూ కాస్త కాస్త అంటుకున్న నూనెకి రాము. చెమటకి రాము. కూర్చోగా కూర్చోగా పడ్డ గుంతకి రాము. చెదకి, ఎలుకకి, వరదకి రాము. నేను నోరు తెరుచుకుని విన్నాను. అన్నాళ్లుగా నేను అమ్ముతున్న సరుకు ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

తాత కళ్లు మూసుకుని అంతా విని, తన బజారు హిందీలో, "అంటే ఒక్కసారిగా జరిగితే వస్తారు. మెల్లమెల్లగా జరిగితే రారు" అన్నాడు.

"సరిగ్గా అంతే బాబా! ఇంత తొందరగా ఎవరికీ అర్థం కాదు" అన్నాడు ఆయన, సంబరంగా.

"అయితే నా ఊపిరితిత్తులకీ రారు" అని తాత నవ్వబోయాడు. అది దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక వేలెత్తి, "మరి నేను దీని మీద పోతే? అది ఒక్కసారే కదా జరిగేది?" అన్నాడు.

భూమి చీలితే బాగుండునని నాకనిపించింది. వచ్చినాయన టార్చి ఆర్పేశాడు, మళ్లీ వెలిగించాడు, మళ్లీ ఆర్పేశాడు. "అది… అందులో రాయలేదు బాబా" అన్నాడు చివరికి.

"రాయకపోతే ప్లానులోకి వస్తుందా, రాదా?"

"రాయనిది రాదు."

ఆయన నానమ్మ ఇచ్చిన టీ తాగి, తాత కాళ్లకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. పాపం, అంతకంటే ఏం చేస్తాడు!

"అన్ని కంపినీలూ ఒక్కలాగుండవన్నమాట" అన్నాడు తాత. చాప వంక చూసి, నన్ను దగ్గరికి పిలిచి, "మీ నానమ్మకి మోకాళ్లు కదరా. నేల మీద కూకుంటే లెగనేదు. దీన్ని పారేత్తే అదెక్కడ కూకుంటాదిరా?" అని గొణిగాడు. నిజమే, సోఫా వచ్చాక కూడా నానమ్మ పీట మీదే కూర్చునేది. ఒక్కసారైనా దాని మీద కూర్చోలేదు.

తర్వాత కొద్దిరోజులకి, నాన్న పొద్దుటి షిఫ్టుకి వెళ్లాడు. అమ్మ వంటింట్లో ఉంది, నానమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది. నేను లోపలి గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే ముందుగదిలో ఏదో జారిన చప్పుడైంది. పరిగెత్తాను. తాత నేల మీద ఉన్నాడు. కాళ్లు బారచాపి, వీపు సోఫాకి ఆనించి, తల సీటు మీదికి వాల్చి కూర్చున్నాడు. గ్లాసు ఎత్తలేని మనిషి ఎలా దిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పైకి లేపబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఒద్దురా. ఇలాగ ఊపిరాడతంది." నా చెయ్యి వదలకుండా, "నేల మీదే ఉన్నాను. దానికి సెప్పు" అన్నాడు.

నేను కేక వేశాను. నానమ్మ మోకాళ్లు పట్టుకుని లోపలికి వచ్చేలోపే ఆ చెయ్యి వదులైపోయింది. నేను ఇస్త్రీ చొక్కాతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

సాయంత్రానికి ఆదిత్యపూర్ నుంచి తాత చెల్లెలు వచ్చింది. ఏడుపు మధ్యలోనే సంగతంతా ఆరాతీసి, "ఈపు సోఫాకి ఆనిందంటన్నారు కదా, మరది పారెయ్యొద్దేటి?" అని లేవదీసింది. కర్మ చేయించడానికి వచ్చిన పంతులుగారు గొంతు సవరించుకున్నారు. నానమ్మ ఆయన్ని నోరు తెరవనిస్తేనా!

"ఈపుకి పేణం ఉంటాదేటి? మనిసి నేల మీద ఉన్నాడు. నాను సూసినాను. ఇంక దీని ఊసు ఎవులూ ఎత్తొద్దు" అంది. పంతులుగారు సోఫా మీద నాలుగు నీళ్లచుక్కలు చిలకరించి ఊరుకున్నారు. పెద్దకర్మ అయ్యాక, చుట్టాలందరూ వెళ్లాక, నానమ్మ మొదటిసారి ఆ కుడివైపు మూల, ఆ గుంతలో కూర్చుంది. కూర్చుని, అప్పుడు ఏడ్చింది.

నేను షాపుకి తిరిగి వెళ్లాక, ప్లాను గురించి ఎవరడిగినా తాత మాటే చెప్పేవాణ్ని: ఒక్కసారిగా జరిగితే వస్తారు, మెల్లమెల్లగా జరిగితే రారు. విన్నవాళ్లు ఎందుకో దిగులుపడి, సోఫా కూడా కొనకుండా వెళ్లిపోయేవారు. "నువ్వు సోఫాలు అమ్ముతున్నావా, సన్యాసం అమ్ముతున్నావా?" అని షాపు సేఠ్ చివాట్లు పెట్టేవాడు. ఆ ఉద్యోగం ఎక్కువకాలం నిలవలేదు. ఎలా నిలుస్తుంది!

ఇప్పుడు ఆ సోఫా నా దగ్గరే ఉంది. గుడ్డ మార్పిద్దామని మా ఆవిడ ఏటా అంటుంది, నేను ఏటా "వచ్చే ఏడు" అంటాను. తల వెనక్కి వాలిస్తే సరిగ్గా తాత నూనె మరక మీదే ఆనుతుంది (కొత్త మరక చెయ్యడానికి నాకు నూనె రాసుకునేంత జుట్టు లేదు). ఎర్ర టై కట్టుకుని "అయిదేళ్లు నిశ్చింతగా ఉండండి" అన్న ఆ కుర్రాడు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకుంటాను. తాత గుంత నాకు కాస్త ఇరుకు. మొన్న లేచి చూస్తే దాని పక్కనే ఇంకో గుంత పడుతోంది, నాది. మెల్లమెల్లగానే పడుతోంది కాబట్టి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.