సరస్వతికి పెట్టిన మీసాలు

మా సుల్తానాబాద్ బడిలో టీచరమ్మ రోజూ నల్లబల్ల మీద సుద్దతో సరస్వతిని గీసి, మొక్కాకే పాఠం మొదలుపెట్టేది. ఆ వీణ ఎప్పుడు మోగుతుందోనని మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఒకరోజు ఆ తల్లికి నేను బర్రె కొమ్ములంతేసి మీసాలు పెట్టాను. టీచరమ్మ మా తరగతిలోనే ఉన్న సొంత కొడుకును అనుమానించి, బెత్తం పీచులయ్యేదాకా కొట్టింది. నేను కిక్కురుమనలేదు.

మొన్న ఆమెను చూడబోయాను. ఎనభై దాటాయి.

"వాడు గా మీసాల సంగతి గిప్పటికీ ఒప్పుకుంటలేడు బిడ్డా. వాని పాపం పోవాలని ప్రతి శుక్కురారం నేను ఒక్కపొద్దుంటున్న. నీ దోస్తేగదా, జర ఒప్పుకొమ్మని చెప్పు" అంది.

నలభై ఏళ్ల ఉపవాసాలను వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేశాను.

"చెప్తా టీచరమ్మా" అన్నాను.

"సల్లగుండు బిడ్డా" అని నా నెత్తిన చెయ్యి పెట్టింది.