అవతలి ఒడ్డున ఉన్నవాడు

1961 వానాకాలం. ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో, సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. కలకత్తా వెళుతూ ఇక్కడ రైలు దిగబోయి పడిపోయిన ఒక ఆంగ్లేయుణ్ణి స్ట్రెచర్ మీద తెచ్చారు. అరవై దాటిన మనిషి. బ్రిటిష్ సైన్యంలో బ్రిగేడియర్‌గా రిటైరయ్యాడట. తొడ ఎముక విరిగింది.

డాక్టరుగారు ట్రాక్షన్ పెట్టారు. అంటే ఎముక అతుక్కునేదాకా కాలిని తాడుతో, బరువులతో లాగి ఉంచడం. వీపు పుండ్లు పడకుండా రోజూ మనిషిని కొద్దిగా ఎత్తి తుడవాలి. అప్పుడు ఒకరు ఆ కాలిని కదలకుండా పట్టుకోవాలి. పట్టు జారితే ఎముక పక్కకు పోతుంది. ఆ పని అటెండెంట్ నారాయుడిది. శ్రీకాకుళం వైపు మనిషి, ఇక్కడే నిమ్‌పురా రైల్వే కాలనీలో కాపురం. ఇక్కడికి రాకముందు సైన్యంలో చేశాడు.

మొదటి రోజే నన్ను పక్కకు పిలిచాడు.

"ఆ దొర కాడికి ఇంకోల్ని పంపండి సిస్టరమ్మా."

"ఏటన్నా, ఏటైంది?"

"ఏటీ లేదు."

పంపడానికి ఇంకొకరు లేరు. అతనే వెళ్ళాడు.

బ్రిగేడియర్ మాటకారి. ఒళ్ళు తుడుస్తున్నంతసేపూ హిందూస్థానీలో తన ఉద్యోగం సంగతులు చెప్పేవాడు. కుర్రతనంలోనే ఆఫీసరుగా కమిషన్, సరిహద్దు కొండల్లో ఏళ్ళ తరబడి కాపలా, యుద్ధంలో బర్మా. ఒకరోజు, జపాన్ సైన్యం తరుముతుంటే బర్మా నుంచి వెనక్కి వస్తూ తాను ఒక వంతెన పేల్పించిన సంగతి ఎత్తాడు.

"మావాళ్ళు కొందరు అవతలే ఉండిపోయారు. వేరే దారి లేదు" అన్నాడు మామూలుగా.

కాలు పట్టుకున్న నారాయుడు తలెత్తలేదు. "అవతల నేనున్నాను సాబ్" అన్నాడు.

నా చూపు అతని చేతుల మీదికి పోయింది. అవి కదల్లేదు.

బ్రిగేడియర్ అతని వైపు తల తిప్పి అడిగాడు. "ఎలా వచ్చావు?"

"ఈదినాను. మా తమ్ముడికి ఈత రాదు."

"పేల్చకపోతే అందరం పోయేవాళ్ళం."

"తెలుసు సాబ్. పేల్సే ముందు ఒక్క ఈల ఊదుంటే ఇవతలికి పరిగెత్తీవోలం."

"ఊదితే శత్రువుకీ వినబడేది."

"అదీ తెలుసు."

ఆ తరవాత బ్రిగేడియర్ తన కథలు చెప్పడం మానేశాడు. నారాయుడు మాత్రం రోజూ వచ్చి అలాగే కాలు పట్టుకున్నాడు. ఎముక వంకర లేకుండా అతికింది. వెళ్ళే రోజు బ్రిగేడియర్ చెయ్యి చాచి, "నీ తమ్ముడి పేరేమిటి?" అని అడిగాడు.

"సూర్యుడు" అని చెప్పి, నారాయుడు ఆ చెయ్యి అందుకోకుండా ఊతకర్ర సరిచేసి ఇచ్చాడు.

కారు కదిలాక అడిగాను. "క్షమించీసినావా అన్నా?"

"లేదమ్మా. కాలిరిగి మంచమ్మీదున్నోడు కదా, అందుకని సేసినాను."

రోగిని ప్రేమించాలని మాకు ట్రైనింగులో చెప్పారు. ప్రేమించలేని రోగులు నా సర్వీసులో చాలామందే వచ్చారు. వాళ్ళ మంచం దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ, నా మనసులో ఏముందని కాదు, నా చేతులు స్థిమితంగా ఉన్నాయా అనే చూసుకున్నాను.