సూది బెజ్జం

మొదట వినిపించింది మిషను చప్పుడు. గోడ అవతల చినుకులు మొదలై, ఆగి, మళ్ళీ జోరందుకున్నట్టు. చెప్పులు విప్పుతూ ఆ చప్పుడు విని పిచ్చుక ఊపిరి పీల్చుకుంది. పిన్ని హుషారుగానే ఉంది. సంచిలోని చీటీలన్నీ ఇవాళే చదివి వినిపించొచ్చు.

పిచ్చుక అని పేరు పెట్టింది పిన్నే. అమ్మ పోయిన ఏడాది నుంచి ఆ పిల్లకు అన్నం, చదువు, తిట్లు అన్నీ పిన్ని దగ్గరే. చొక్కాల కార్ఖానాలో పిన్నిది కాలర్ల పని, ఇరవై రెండేళ్ళుగా అదే. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, మెడ కొలత చెప్పేస్తుంది. పిచ్చుక వాళ్ళ మాస్టారి పేరు ఆవిడకు ఇప్పటికీ తెలియదు. మెడ పదిహేనున్నర గనక ఆయన పదిహేనున్నరే.

కాలేజీలో పిచ్చుక చేసిన పాట వీడియో ఈ మిషను చప్పుడు మీదే నడుస్తుంది, అందులో కనిపించేదీ పిన్నే. మొదటిసారి వేసినప్పుడు చూసినవాళ్ళంతా చీటీల మీద దాదాపు ఒకటే మాట రాశారు. దిగులు పాటలో ఆవిడెందుకు నవ్వుతోంది? నవ్వమన్నది పిచ్చుకే. వారం రోజులు కుమిలిపోయి, తీసి పక్కన పడేసిన వీడియో ముక్కలన్నీ తిరగేసింది. అందులో ఒక నిమిషం దొరికింది. కెమెరా సంగతి పిన్ని మరిచిపోయిన నిమిషం, కెమెరా వెనక తను కదలకుండా నిలబడిన నిమిషం. కిటికీ వెలుతురులో సూది. దారం బెజ్జం దాకా వెళ్ళి పక్కకు జారిపోతుంది. పెదవుల మధ్య తడిపి మళ్ళీ. మళ్ళీ. నవ్వు తీసేసి అది పెట్టింది. ఇవాళ రెండోసారి వేశారు.

"హాల్లో ఒక్కరు దగ్గితే ఒట్టు పిన్నీ," మిషను పక్కన చతికిలబడి చెప్పింది. "ఐదుసార్లు తప్పింది, నేను లెక్కపెట్టాను. ఐదోసారికి అందరూ ఊపిరి బిగబట్టారు."

"ఏడిశారులే. మీ పదిహేనున్నర ఏమన్నాడు?"

"కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సోమవారం కాలేజీ పేజీలో పెడతారట. ఊరంతా చూస్తుంది."

చీటీలు ఒక్కొక్కటే చదివింది. పొరుగింటి పిల్ల గౌను అంచు తిప్పుతూ, సిగ్గుపడుతూ పిన్ని వింది. నాలుగోదో ఐదోదో, చదవడం మొదలుపెట్టాక గానీ అందులో ఏముందో పిచ్చుకకు తెలియలేదు.

"ఆవిడకు చూపు ఆనదనుకుంటా, పాపం. ఎక్కడ పనిచేస్తుందో?"

మిషను ఆగింది. పిన్ని అరచెయ్యి చక్రం మీదే ఉండిపోయింది.

"నా చూపు సంగతి కార్ఖానాలో మేస్త్రీకి తెలియదే," అంది. "మూడేళ్ళయింది. కళ్ళజోడుకి లొంగేది కాదన్నాడు డాక్టరు. పక్క మిషనావిడ దారం ఎక్కించి పెడుతుంది. ఆవిడ సెలవు పెట్టిన రోజు నేనూ పెడతాను. కాజాలు కుట్టే ఆమె, తన కళ్ళు మసకగా ఉన్నాయని నోరు జారితే, ఆ వారమే పంపించేశాడు మేస్త్రీ."

చీటీలు పిచ్చుక ఒళ్ళోంచి జారి కత్తిరింపుల మీద పడ్డాయి. ఏరుకోబుద్ధి కాలేదు.

"తీసేస్తాను పిన్నీ. ఇప్పుడే మాస్టారికి చెప్తాను. పాత నవ్వే పెట్టేస్తాను."

"తియ్యి," అంది పిన్ని. ఆ గొంతులో కోపం లేదు, అందుకే పిచ్చుకకు భయం వేసింది. "ఐదుసార్లు లెక్కపెట్టావు కదే. లేచొచ్చి ఎక్కించి ఇవ్వాలనిపించలేదా నీకు?"