జావా సర్వర్ మీద నా రూబీ లెక్క

మా కోళ్ల దాణా కంపెనీకి మేడ్చల్‌లో ఒక గోదాము, శామీర్‌పేటలో ఒక గోదాము ఉండేవి. రైతు తెచ్చిన మక్కల, అంటే మొక్కజొన్నల తూకం, తేమ శాతం ఎక్కిస్తే తడికి బరువులో కోత ఎంతో చెప్పే ప్రోగ్రాం నేనే రాశాను. పుస్తకాలు చూసి నేర్చుకున్న రూబీ తప్ప నాకు మరో కంప్యూటర్ భాష రాదు.

రెండువేల పన్నెండు ప్రాంతంలో కంపెనీ కొత్త సర్వర్ కొని, పాత యంత్రాలన్నీ తీసేయమంది. సర్వర్ చూసే ఇంజనీరు నాకంటే చాలా చిన్నవాడు.

"అన్నా, గిది జావా సర్వర్. నీ రూబీ దీనిమీద ఎట్ల నడుస్తది? జావాల మళ్ల రాయి."

"గది నేర్సుకునేలోపల మక్కలు మొలకలొస్తయ్."

"అయితే కాయితం మీద జేసుకోండ్రి."

నాకు పడనిది అదే. కాగితం రోజుల్లో రెండు గోదాములూ రెండు రకాలుగా కోత పెట్టేవి. ఒకే పంటకు గేటును బట్టి బరువు మారేది.

వెతికితే, జావాలోనే కట్టిన రూబీ ఒకటి ఉందని తెలిసింది. దాంతో ప్రోగ్రాంను ఒకే ఫైలుగా చుట్టి ఇస్తే జావా సర్వర్ నడుపుతుందట. ఇంజనీరు నవ్వాడు.

"పెడ్త. సోమవారం వచ్చి చూస్త. ఒక్క లెక్క తప్పినా తీసేస్త."

పాత లెక్కలు ఒక్కొక్కటే ఎక్కించి చూశాను. తేడా రాలేదు. శనివారం రెండు గేట్లలోనూ ఒకేసారి ఎక్కించమన్నాను. శామీర్‌పేట గుమాస్తా ఫోన్ చేసింది.

"సార్, నా మక్కలు గలగలమంటున్నయ్. గిదేమో తడిసి ముద్దయినట్టు కోస్తాంది!"

మళ్లీ ఎక్కిస్తే ఈసారి మేడ్చల్ కాంటా దగ్గరి భాయ్ ఎక్కించిన తడి మక్కలకు కోతే పడలేదు.

"మస్తుంది సార్, గిట్లనే ఉండనీ," అన్నాడతను.

అంకెలు పక్కపక్కన పెట్టి చూశాను. చివర ఎక్కించిన తేమే ఇద్దరికీ పడుతోంది. పాత యంత్రం ఒకరి పని ముగించాకే మరొకరిది అందుకునేది కనుక, తేమను అందరికీ ఒకే చోట దాచాను. ఈ సర్వర్ ఇద్దరి పనీ ఒకేసారి చేస్తుంది. వెనక వచ్చిన అంకె ముందుదాన్ని చెరిపేస్తోంది. ఆదివారం కూర్చుని, ఎవరి అంకెలు వారి వెంటే నడిచేలా మొత్తం మార్చాను.

సోమవారం ఇంజనీరు తప్పు పట్టాలనే కూర్చున్నాడు. శామీర్‌పేటకు ఫోన్ కలిపి, ఇద్దరి చేతా ఒక్కసారే నొక్కించాడు. పొడివీ తడివీ మార్చి మార్చి ఎక్కించాడు. భోజనం వేళ దాటాక లేచాడు.

"ఉండనీ అన్నా. సర్వర్ ఆగితే మాత్రం నిన్నే పిలుస్త."

"పిలువు, వస్త."

సాయంత్రం అత్వెల్లి ఊరి రైతు ఒకాయన కోత రాసిన చీటీ చూసుకుని భాయ్‌ని అడిగాడు.

"శామీర్‌పేటకు వోతే ఏమన్న ఎక్కువొస్తదా?"

"రాదు పెద్దాయనా. గాడ గూడ గింతే."

ఆయన బండి మీది బస్తాలు దించమన్నాడు.