వెనక గీత దాటిన మడమ

మా ఒడ్డున అలివి వల లాగేటప్పుడు ఎవరూ ముందుకు నడవరు. పడవ వెళ్ళి వలను నీళ్ళలో అర్ధచంద్రంలా పరిచి వస్తుంది. దాని రెండు కొసల తాళ్ళు ఒడ్డున రెండు వరసల చేతుల్లోకి వస్తాయి. తాడు పట్టుకుని, మడమలు ఇసుకలో దించి, వెనక్కి వెనక్కి అడుగులు వేయడమే పని. వరస చివరివాళ్ళు మెట్ట దాకా రాగానే తాడు వదిలి, నీళ్ళ దగ్గరకు పరుగెత్తి మళ్ళీ ముందు పట్టుకుంటారు. పదేళ్ళ వయసు నుంచీ నేను ఆ వరసలో ఉన్నాను. కబడ్డీలో నా పట్టుకు అంత బలం వచ్చింది ఆ పని వల్లే. నన్ను ముంచిందీ అదే.

మా ఊరి బడి అయిదో తరగతితో ఆగిపోతుంది. ఆ తర్వాత అమ్మే నా బడి. పొద్దున్నే దీపం పెట్టి, అమ్మవారి స్తోత్రాల పుస్తకం నా ముందు తెరిచి పైకి చదివించేది. తర్వాత లెక్కలు, ఆ తర్వాత వంట. తల్లి పక్కన కూర్చుని చదువుకోవడం ఎంత భాగ్యమో అప్పట్లో తెలియలేదు. ఇప్పుడు తెలుసు గనక రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

నాకు పదిహేడేళ్ళప్పుడు జిల్లా జూనియర్ జట్టుకు సెలెక్షన్స్ పెడుతున్నారని తెలిసింది. బడిపిల్లలే కానక్కర్లేదట, వయసూ బరువూ సరిపోతే చాలట. నాయన ఊరంతా చెప్పేశాడు. ఒడ్డుకు పోతే చాలు, చేపలు ఏరుకునే ఆడవాళ్ళు కూడా, "ఏం మే, జిల్లాకి ఆడబోతన్నావంట! కప్పు తేకుండా ఊళ్ళోకి రాబాకు," అనేవాళ్ళు. అమ్మ మాత్రం ఒకే షరతు మీద ఒప్పుకుంది.

"ఒక్కసారి పొయ్యిరా. వచ్చిందా, సంతోషం. రాలేదా, ఇంక ఇంటిపట్టునుండు. ఆట మాట ఎత్తబాకు."

నవ్వుతూనే అంది. కానీ అమ్మ నవ్వుతూ అన్న మాట తప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆట లేకుండా నా సాయంత్రాలు ఎలా ఉంటాయో ఊహించుకోలేకపోయేదాన్ని.

దగ్గర్లోని కోట అనే ఊళ్ళో ఒక బడి వ్యాయామం మాస్టారు, ఆయన చల్లగా ఉండాలి, రెండు వారాల పాటు సాయంత్రాలు మమ్మల్ని తన గ్రౌండులో ఆడనిచ్చారు. నేనూ, మా పెదనాయన కూతురైన అక్కా షేర్ ఆటోలో పోయేవాళ్ళం. మగపిల్లలు కూడా అక్కడే ఆడేవాళ్ళు. వాళ్ళలో ఒకడికి మోచెయ్యి బెణికి కట్టు కట్టి ఉంది. వరి పండించే ఇంటి పిల్లవాడు, నా ఈడువాడే. ఊరికే కూర్చోవడం ఎందుకని మాస్టారు అతన్ని మా కోర్టు వెనక గీత దగ్గర నిలబెట్టి, కాలు దాటితే చెప్పమన్నారు.

మొదటి రోజే ఆరుసార్లు చెప్పాడు. కూతకొచ్చిన పిల్ల చీలమండ దొరికితే చాలు, నా కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచేవి. గీత దాటేవి. పట్టుకున్నది నేనే, అవుటయ్యేదీ నేనే.

"నీ కళ్ళు బాగుండాయా అబ్బయా?" అని విసుక్కున్నాను.

"నా కళ్ళకేం, బాగుండాయి. ఇది వల కాదు, ఆ పిల్ల చేపా కాదు. పట్టుకుంటే చాలు, ఒడ్డుకి లాక్కొని పోనక్కర్లా."

అందరూ పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు అతను ఇంటి నుంచి చిన్న సంచిలో వరి ఊక తెచ్చి, గీతకు జానెడు లోపల పొడుగునా పోశాడు. "మడమకి ఊక తగిలిందా, ఆగిపో," అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. రోజూ తెచ్చేవాడు, రోజూ పోసేవాడు. పదో రోజుకు నా మడమ ఊక దగ్గర ఆగడం నేర్చుకుంది.

ఆ రోజు ఆటోలో మా అక్క నా వైపు వంకరగా చూసింది. "వాడు ఆడపిల్లల్నందర్నీ అక్కా అక్కా అంటా తిరగతాడు. నిన్ను ఒక్కసారన్నా అన్నాడా?"

"మర్చిపోయుంటాడు."

"పది రోజులూ మర్చిపోయినాడా మే?"

నేను ముఖం గాలివైపు తిప్పుకున్నాను. మర్నాడు దీపం దగ్గర కళ్ళు మూసుకుంటే, నా ఆటకంటే ముందు ఆ మోచెయ్యి నయం కావాలన్న మాట వచ్చింది. అమ్మవారు ఏమనుకుందో!

సెలెక్షన్స్ గూడూరులో జరిగాయి. నాయనా, అక్కా నాతో వచ్చారు. కట్టు విప్పేసిన అతను పొద్దున మగపిల్లల ఆటలో ఎంపికయ్యాడు. మధ్యాహ్నం మా వంతు వచ్చేసరికి, గీత చూడవలసిన మనుషులు రాలేదని, ఎంపికైన పిల్లల్లో ఇద్దరిని రెండు కొసలా కూర్చోబెట్టారు. మా వైపు కూర్చున్నది అతనే. ఒక్కసారి నా వైపు చూసి, వెంటనే గీత వైపు తల దించుకున్నాడు.

మట్టికి దణ్ణం పెట్టి దిగాను. బాగానే ఆడాను. చివరి కూతకు అవతలి జట్టులో అందరికంటే గట్టి పిల్ల వచ్చింది. ఎంపిక చేసేవాళ్ళు కాగితాలు దించి చూస్తున్నారు. చీలమండ దొరికింది. నాయన ఫోను ఎత్తి వీడియో తీస్తూ, "లాగు పాపా, లాగు!" అని అరిచాడు. ఆ మాట నేను పదేళ్ళ వయసు నుంచి ఒడ్డున వింటున్న మాట. అక్కడ ఊక లేదు. లాగాను. పిల్ల కింద పడింది, ఈలలు మోగాయి. నా ఎడమ మడమ కింద సున్నం చల్లగా తగిలి, ఇంకా అవతలికి పోయింది.

గీత దగ్గర అతని చెయ్యి లేచింది.

నాయన లోపలికి వచ్చేశాడు. "ఆ పిల్లోడికేం తెలస్తాది సారూ? నా ఫోన్లో ఉండాది, చూడండి!" ఎంపిక చేసేవాళ్ళలో పెద్దాయన చూశారు. వీడియోలో నా నడుము నుంచి పైకే ఉంది. కూతురి ముఖం తప్ప నాయన ఇంకేమీ తియ్యలేదు. ఆయన నవ్వాపుకుని నన్నే అడిగారు. "నువ్వు చెప్పమ్మా. కాలు పడిందా?"

అమ్మ షరతు గుర్తుంది. పడలేదంటే నాయన గెలుస్తాడు, నా ఆట మిగులుతుంది. గీత దగ్గర కూర్చున్నవాడు అబద్ధాలకోరవుతాడు.

"పడింది నాయనా," అని మా నాయనతోనే అన్నాను.

చదివిన పన్నెండు పేర్లలో నా పేరు లేదు.

గేటు బయట అతను రెండు నిమ్మకాయ సోడాలతో వచ్చాడు. ఒకటి నాయనకిచ్చి, "తాగండి మామా," అన్నాడు. మా అక్క ముసిముసిగా నవ్వింది. నాయన పుచ్చుకుని తాగాడు. రెండోది నా చేతికిస్తూ అతను నేలవైపు చూస్తూనే, "కోపమా?" అన్నాడు.

"పడిన కాలు పడలేదని చెప్పుంటే కోపమొచ్చేది," అన్నాను.

మేం మాట్లాడుకోవడం అదే ఆఖరు. ఆ వేసవిలోనే అతను వేరే జిల్లాలో స్పోర్ట్స్ హాస్టల్లో చేరాడని విన్నాను. నచ్చిన మనిషి ముందు నిజానికి నిలబడే అవకాశం మొదటిసారికే దొరకడం నా పుణ్యం అనుకుంటాను.

బస్సులో నాయన ఆ వీడియోనే మళ్ళీ మళ్ళీ వేసి చూశాడు. చివరికి, "రేప్పొద్దన్నించి వల కాడికి రాబాకు పాపా," అన్నాడు.

"ఏం నాయనా, కోపమా?"

"కోపమేంది, అంతమందిలో నిజం చెప్పినావు. ఆ నడక మానుకుంటేనే నీకు ఈ ఆట వస్తాది. వచ్చే ఏడు మళ్ళీ పోదాం. మీయమ్మకి నేను చెప్పుకుంటాలే."

గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. "వచ్చిందా?"

"రాలేదమ్మా."

అమ్మ నన్ను వదిలి, నా వెనక చెప్పులు విడుస్తున్న నాయన వైపు చూసింది. "మరి ఈయన మొకమేంది, అట్ట వెలిగిపోతా ఉండాది?"